శిశువును కాచు మావి

మన ఇండ్లలో గర్భవతికి జ్వరము తగిలినప్పుడు పెద్దవారు మొదట అడుగు ప్రశ్న ఆమెను గూర్చి కాదు, కడుపులోని బిడ్డను గూర్చి. "లోపలి పసికందునకు కూడ ఇది సోకెనేమో!" అని అత్తగారు బెంగపడును. "తల్లి తిన్న అన్నము బిడ్డకు పోవుచున్నది గదా, తల్లి రోగము మాత్రము పోకుండునా?" అని ఆడబిడ్డ తర్కించును. తర్కము సరియైనదే. తల్లి నెత్తురులోని చక్కెరయు, లవణములును, ప్రాణవాయువును బిడ్డకు చేరుచున్నవి. ఆమె మ్రింగిన మందులలో పెక్కు చేరును. అట్టిచో కంటికి కానరానంత సూక్ష్మమైన వైరసు చేరుటకు అడ్డేమి?

అయినను సామాన్యముగా చేరదు. జలుబును, ఫ్లూ జ్వరమును ప్రతి సంవత్సరము ఎందరో గర్భిణీ స్త్రీలు అనుభవించుచున్నారు. వారి బిడ్డలలో గర్భమునందే ఆ వైరసు సోకినవారు బహు అరుదు. తల్లికిని బిడ్డకును నడుమ నున్న మావి యను అవయవమే దీనికి కారణము. ఆ మావి పైపొర వైరసులకు లొంగనట్లు మన శరీరములో మరి యే కణములును లొంగకుండ నుండుట అరుదు. ఏల లొంగదో శాస్త్రజ్ఞులు కొంతవరకు తెలిసికొనిరి. ఎచ్చట లొంగునో కూడ తెలిసికొనిరి. మనకు ఈ రెండవదియే మిక్కిలి ముఖ్యము. అయితే దానిని చెప్పుటకు ముందు, ఏ కణమైనను వైరసునకు ఎట్లు చిక్కునో కొంత వివరింపవలసియున్నది.

వైరసు తనంతట తాను బ్రదుకజాలదు. అది తినదు, పెరుగదు, పిల్లలను పెట్టదు. ఒక కణములోనికి దూరి, ఆ కణము పనిముట్లతోనే తన ప్రతులను వేలకొలది చేయించుకొనును. కాని ప్రతి కణమునకును చుట్టు ఒక పొర యుండును. ఆ పొరమీద కణము తన సొంత పనులకై నిలుపుకొన్న మాంసకృత్తులు కొన్ని కలవు. వైరసు వానిలో తనకు అనువైన దానిని పట్టుకొని లోనికి పోవును. శాస్త్రజ్ఞులు వానిని గ్రాహకములందురు. మనము తలుపు గొళ్లెములని యనుకొందము. గొళ్లెము దొరకనిచో వైరసు ఇంటి చుట్టు ఎంతసేపు తిరిగినను ప్రయోజనము లేదు.

పోలియో కథ దీనికి మంచి నిదర్శనము. ఆ వ్యాధి మనుష్యులకును, కొన్ని జాతుల కోతులకును వచ్చునేగాని ఎలుకలకు సామాన్యముగా రాదు. ఎలుక కణములలో వైరసునకు కావలసిన సామగ్రి లేకనా, లేక లోనికి పోవు దారి లేకనా? 1959లో అమెరికా దేశమున హాలండ్, మెక్లారెన్, సివర్టన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు దీనిని చమత్కారముగ పరీక్షించిరి. వారు వైరసు పైకవచమును తొలగించి, లోనుండు ఆర్.ఎన్.ఏ. యను పదార్థమును మాత్రము తీసి, పోలియోకు ఎన్నడును లొంగని జంతువుల కణములకు అందించిరి. ఆ కణములు క్రొత్త పోలియో వైరసులను తయారు చేసెను! అనగా లోపల సామగ్రి యంతయు సిద్ధముగనే యున్నది. లేనిది గొళ్లెము మాత్రమే. అంతకంటె వింత యేమనగా, అట్లు పుట్టిన వైరసులు కవచములు తొడుగుకొనియే వెలుపలికి వచ్చినవి గనుక ప్రక్క కణములలోనికి పోజాలక అంతటితో ఆగిపోయినవి. 1989లో ఆ గొళ్లెమేదో తేలినది. మరుసటి సంవత్సరమే మనుష్యుల గ్రాహకమును తమ కణములపై ధరించిన ఎలుకలను పుట్టించిరి. వైరసును ఎక్కించగా వానికి పక్షవాతము వచ్చెను.

మనుష్యులలోను గొళ్లెము లేనివారు కలరు. ఎయిడ్సునకు మూలమగు హెచ్.ఐ.వి. వైరసు లోనికి పోవుటకు సామాన్యముగా సి.సి.ఆర్.5 అను గ్రాహకము తోడుపడును. తల్లినుండియు తండ్రినుండియు చెడిన జన్యువునే పొంది, ఆ గ్రాహకము బొత్తిగా లేకుండ పుట్టినవారిని 1996లో గుర్తించిరి. వారికి ఆ వైరసు సోకుట అత్యంత అరుదు. ఉత్తర ఐరోపావారిలో సుమారు నూటికొకరు ఇట్టివారట. మన దేశమున ఇది లేదనదగినంత అపురూపము.

అయితే గొళ్లెముతోనే కథ ముగియదు. పోలియో గ్రాహకము మన శరీరములో అనేక అవయవములపై నున్నది. అయినను ఆ వైరసు గొంతులోను, ప్రేగులలోను పెరిగి, వెన్నుపాములోని నరముల జోలికి ఏ కొద్దిమందిలోనో పోవునుగాని కాలేయమునో మూత్రపిండములనో పాడుచేయదు. తలుపు తెరచియున్నను దొంగ ఏల ప్రవేశింపలేదు? లోపల మనుష్యులు మేలుకొని యున్నందువలన.

ఈ మేలుకొలుపు సంగతి 1957లో లండనులో బయటపడెను. ఐజాక్స్, లిండెన్మాన్ అను ఇద్దరు కోడిగ్రుడ్డులో పెరుగుచున్న పిల్ల చుట్టునుండు పొరను తీసి, వేడిచే చంపిన ఫ్లూ వైరసును దానిపై పోసిరి. పిమ్మట సజీవమైన వైరసును ఎక్కించినను అది ఆ పొరలో సరిగా పెరుగలేదు. అంతేగాక ఆ పొర నానిన ద్రవమును మరియొక తాజా పొరపై పోయగా ఆ తాజా పొరకును రక్షణ కలిగెను. ద్రవములోని ఆ మహత్తునకు వారు ఇంటర్‌ఫెరాను అని పేరుపెట్టిరి. గ్రామములో ఒక యింట దొంగలు పడగా ఆ యింటివారు కేక వేయుదురు. ఇరుగుపొరుగువారు తలుపులు బిగించి, కఱ్ఱలు చేతబట్టి నిలుచుందురు. ఇంటర్‌ఫెరాను ఆ కేకవంటిది. దానిని విన్న కణము వైరసును అడ్డగించు మాంసకృత్తులను వందలకొలది తయారు చేసికొనును. ఈ కేక వినబడకుండ చేసిన ఎలుకలలో పోలియో వైరసు కాలేయము మొదలగు అవయవములలో సైతము పెరుగునని 2005లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి.

కాని రాత్రింబవళ్లు కేకలు వేయు గ్రామములో ఎవరును కాపురము చేయలేరు. ఫ్లూ వచ్చినప్పుడు మనకు కలుగు ఒళ్లునొప్పులకును నీరసమునకును ఇంటర్‌ఫెరాను కొంత కారణము. అందువలన మన కణములు అవసరము కలిగినప్పుడే దానిని విడుచును. అపాయము గడచిన పిదప మానును. ఈ నియమమును జ్ఞాపకముంచుకొని యిప్పుడు మావి కడకు పోవుదము.

మావినే కొన్నిచోట్ల మాయ యందురు. బిడ్డ పుట్టిన పిదప అది పూర్తిగా పడినదో లేదో యని మంత్రసాని చూచును. పిమ్మట పెరటిలో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టింతురు. అంతటితో దానిని తలచువారు లేరు. తొమ్మిది నెలలు బిడ్డకు ఊపిరితిత్తులుగను, ప్రేగులుగను, మూత్రపిండములుగను పనిచేసిన యవయవమునకు ఇంతకన్న కొంచెము మర్యాద జరుగవలసినదని నాకు తోచును. చాలమందికి తెలియని విషయ మింకొకటి కలదు. మావిలో అధికభాగము తల్లిది కాదు, బిడ్డది. ఏ అండమునుండి శిశువు ఏర్పడెనో దానినుండియే ఇదియు ఏర్పడును. నెలలు నిండునప్పటికి సుమారు అర కిలో తూగును. చెట్టువేళ్లవలె చీలికలు చీలికలుగా వ్యాపించిన దాని కాడలు తల్లి నెత్తురులో మునిగియుండును. బిడ్డ నెత్తురు ఆ కాడలలోపలి నాళములలో పారును. రెండు నెత్తురులును సామాన్యముగ కలియవు. నడుమ నొక పలుచని పొర యున్నది.

ఆ పొరయే మన కథానాయిక. శరీరములోని తక్కిన పొరలన్నియు, చర్మము కానిండు, ప్రేగు లోపొర కానిండు, ఇటుకలు పేర్చినట్లు వేర్వేరు కణముల కూర్పు. మావి పైపొర అట్టిది కాదు. లెక్కలేనన్ని కణములు ఒకదానిలో నొకటి కరగి, సరిహద్దులు చెరిగిపోయి, ఒక్కటే మహాకణముగ మారినవి. దానిలో కేంద్రకములు కోట్లకొలది యుండును. నెలలు నిండిన మావిలో కాడలపై నున్న ఈ పొరనంతయు విప్పి పరచగలిగినచో సుమారు 12 చదరపు మీటర్లు, అనగా ఒక మోస్తరు పడకగది నేల యంత యగును. ఇటుకగోడలో దొంగ సందులను వెదకును. అనేక వైరసులును సూక్ష్మజీవులును కణమునకును కణమునకును నడుమ నుండు సందులను ఆశ్రయించియే దూరుచుండును. అంతటను ఒకే నేతగా నున్న ఈ పొరలో సందులు లేవు, కుట్లు లేవు.

ఇన్ని కణములు ఒకటిగా కరగుట ఎట్లు సాధ్యమయ్యెను? ఈ ప్రశ్నకు 2000వ సంవత్సరమున దొరకిన సమాధానము నాకు పురాణకథలకంటె ఆశ్చర్యకరముగ కనబడినది. కణములను అతికించు మాంసకృత్తునకు సిన్సిటిన్ అని పేరు. దానిని తయారుచేయు జన్యువు మొదట మనది కాదు, ఒక వైరసుది! రెండున్నర కోట్ల సంవత్సరములకు పూర్వమే, మనకును కోతులకును సమానమైన పూర్వజంతువులకు ఒక వైరసు సోకి, తన జన్యువులను వాని బీజకణములలో చేర్చెను. అవి తల్లినుండి బిడ్డకు, తరతరములుగ దిగివచ్చినవి. తాను చొరబడుటకై కణపు పొరతో తన పొరను అతికించుకొనుట ఏ జన్యువుతో ఆ వైరసు నేర్చెనో, ఆ జన్యువే నేడు మావి కణములను ఒకదానితో నొకటి అతికించుచున్నది. మన జన్యుసంపదలో నూటికి సుమారు 8 పాళ్లు ఇట్టి పాత వైరసుల అవశేషములే. ఎలుకలలో మరియొక వైరసునుండి వచ్చిన ఇట్టి జన్యువే కలదు. 2009లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు దానిని తీసివేసి చూడగా, మావి సరిగా ఏర్పడక పిండములు గర్భములోనే మరణించెను. దొంగ విడిచిపోయిన గునపముతో ఇంటివారు కోటగోడను కట్టుకొన్నారు!

గోడ యొక్కటియే చాలదు గదా. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కరొలిన్ కాయిన్ అను విదుషియు, యోయెల్ సదోవ్‌స్కీ యను వైద్యుడును తమ సహచరులతో కూడి, ప్రసవమైన పిదప లభించిన మావులనుండి కణములను తీసి పెంచిరి. వానిపై వేర్వేరు జాతుల వైరసులను ప్రయోగించగా ఆ కణములు గట్టిగా నిరోధించెను. ఆ కణములు పెరిగిన ద్రవమును తీసి ఇతర కణములపై పోయగా అవికూడ వైరసులకు లొంగకుండ గట్టిపడెను. మావి కణములు అతిసూక్ష్మమైన పొట్లములను కట్టి వెలుపలికి పంపుచున్నవనియు, అందుండు చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కలు పుచ్చుకొన్న కణమునకు రక్షణ కలిగించుచున్నవనియు 2013లో వారు ప్రకటించిరి. 2016లో మరియొక సంగతి తేలినది. మావి కణములు లాంబ్డా యను జాతి ఇంటర్‌ఫెరానును ఏ వైరసును సోకకముందే, ఎల్లప్పుడును విడుచుచుండును. తక్కిన కణములు దొంగ పడిన పిదప కేక వేయగా, మావి దొంగ రాకముందే గస్తీ తిరుగుచున్నదన్నమాట. ఈ జాతి ఇంటర్‌ఫెరాను ముఖ్యముగ శరీరపు పైపొరల కణములకే వినబడును గనుక, తల్లి శరీరమును నిత్యము జ్వరముతో వేధింపకుండ పని జరిగిపోవుచున్నది.

తలుపు గొళ్లెముల విషయములోను మావి జాగరూకత గలదే. 2020లో కోవిడు వ్యాపించినప్పుడు గర్భిణులున్న ఇండ్లలో ఎంత భయముండెనో మనమెరుగుదుము. ఆ వైరసునకు ఒక గ్రాహకమును, దానితోపాటు తన్ను కోసి సిద్ధపరచు మరియొక మాంసకృత్తును కావలయును. మావి కణములలో ఈ రెండును ఒకేచోట నుండుట అరుదని ఆ సంవత్సరమే కనుగొనిరి. తల్లులకు ఆ వ్యాధి వలన హాని యధికముగ జరిగెను. కొందరిలో మావియే దెబ్బతిని బిడ్డ దక్కలేదు. కాని కడుపులోనే వైరసు సోకిన శిశువులు చాల కొద్దిమంది.

ఇంత గట్టి గోడ తల్లి రక్తములోని మేలును మాత్రము ఆపదు. తల్లి పూర్వము అనుభవించిన రోగములవలనను, వేయించుకొన్న టీకాలవలనను ఆమె రక్తములో ప్రతిరక్షకములు పుట్టియుండును. మావి వానిని ప్రత్యేకమైన గ్రాహకముతో పట్టి, తనలోనుండి మోసికొనిపోయి బిడ్డకు అందించును. కడపటి మూడు నెలలలో ఈ రవాణా ముమ్మరముగ సాగును. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తములో ఇవి తల్లి రక్తములో నున్నంతగను, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువగను ఉండును. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డలు రోగములకు సులభముగ లొంగుటకు గల కారణములలో ఇదియొకటి. తట్టునకు టీకా పుట్టినవెంటనే వేయక తొమ్మిదవ నెల వరకు ఆగుటకును ఇదియే ముఖ్యకారణము. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకములు రక్తములో నుండగా ఆ టీకా సరిగా పట్టదు.

ఇక గోడ విరుగు చోట్లు. 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుని యొద్దకు కంటిలో శుక్లములతోనే పుట్టిన శిశువులు ఒకరివెంట నొకరు రాసాగిరి. వృద్ధులకు రావలసిన శుక్లము పొత్తిళ్లలోని బిడ్డలకేల? ఆయన తోటి వైద్యులను కూడ విచారించి 78 మంది శిశువుల వివరములు ప్రోగుచేసెను. వారిలో 68 మంది తల్లులకు గర్భము ధరించిన క్రొత్తలో రుబెల్లా యను చిన్న తట్టు వచ్చియుండెను. అది మూడు దినములు సన్నని పొక్కులు పోసి, కొద్ది జ్వరముతో తగ్గిపోవు వ్యాధి. కొందరికి వచ్చిన సంగతియే తెలియదు. అట్టి అల్పరోగము బిడ్డ కండ్లను, చెవులను, గుండెను పాడుచేయునని అంతవరకు ఏ వైద్యగ్రంథమునను లేదు. తల్లులు చెప్పిన మాటలను శ్రద్ధగా వినినందుననే ఆయనకు అది దొరకెను. మొదటి మూడు నెలలలో రుబెల్లా సోకినచో నూటికి 90 మంది వరకు శిశువులకు హాని కలుగవచ్చును. 1964, 1965 సంవత్సరములలో అమెరికాలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు సుమారు 20,000 మంది శిశువులు దాని గుర్తులతో పుట్టిరి.

మావిని గర్భాశయపు గోడకు బిగించు కొసలయొద్ద ఆ మహాకణపు పొర యుండదు. అచ్చట కణములు విడివిడిగా నుండి తల్లి కణములనడుమ పాతుకొనియుండును. సైటోమెగలో యను వైరసు ఆ మార్గమున లోనికి పోవును. అంతేకాదు, తన్ను పట్టుకొన్న ప్రతిరక్షకములతోపాటు మావి రవాణాబండిలోనే ఎక్కి దాటగలదని కూడ ప్రయోగశాలలలో చూచిరి. పుట్టుకతో వచ్చు చెవిటితనమునకు ఈ వైరసు ఒక ముఖ్యకారణము. మన దేశమున స్త్రీలలో అత్యధికులకు ఇది చిన్ననాటనే సోకియుండును గనుక గర్భములో బిడ్డకు హాని తగ్గునుగాని బొత్తిగా పోదు. ఇది పసిపిల్లల యుమ్మిలోను, మూత్రములోను నెలలతరబడి యుండును. గర్భవతియైన తల్లి తన పెద్దబిడ్డ తినగా మిగిలిన యెంగిలి తినకుండుట, బిడ్డ గుడ్డలు మార్చిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుట మంచిది. ఎంగిలి పనికిరాదని మన పెద్దలు చేసిన కట్టడి తల్లులకు మాత్రము ఏల వర్తింపకుండెనో తెలియదు!

2015లో బ్రెజిలు దేశమున జికా వైరసు వలన తలలు చిన్నవిగా నున్న శిశువులు పుట్టినప్పుడు లోకము తల్లడిల్లెను. నెలలు నిండిన మావి పైపొర కణములు జికాను కూడ అడ్డగించెను; కాని గర్భపు తొలి మాసములలో సోకినప్పుడే శిశువుల మెదడునకు హాని యెక్కువగా జరిగెను. బిడ్డ అవయవములు ఏర్పడు కాలమును, మావి ఇంకను పూర్తిగా రూపొందని కాలమును ఒకటే యగుట దురదృష్టము.

హెచ్.ఐ.వి. గల తల్లికి పుట్టు బిడ్డకు ఆ వ్యాధి తప్పదని మనలో పలువురు నమ్ముచున్నారు. ఆ నమ్మకము వలన కోడండ్రు పడిన బాధలకు లెక్కలేదు. అది నిజము కాదు. ఏ చికిత్సయు లేనప్పుడు సైతము గర్భము, ప్రసవము, చనుబాలు అను మూడు మార్గములలోను కలిపి నూటికి 15 మొదలు 45 మంది బిడ్డలకు మాత్రమే సోకును. తల్లి క్రమముగ మందులు పుచ్చుకొనినచో ఇది 5 కంటె తక్కువకు దిగును. కామెర్లు కలిగించు హెపటైటిస్ బి. వైరసు కూడ ఎక్కువగా ప్రసవసమయముననే, అనగా గోడ పని ముగిసి రక్తములు కలియు వేళ, బిడ్డకు సోకును. అందుచేతనే పుట్టిన 24 గంటలలోపల శిశువునకు ఆ టీకా వేయుదురు.

మావి కావలేని చోట మనము కావవలసినది ముఖ్యముగ రుబెల్లాను. దీనికి టీకా యున్నది. 1969 మొదలు అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. మన దేశమున 2017 ఫిబ్రవరిలో తట్టునకును రుబెల్లాకును కలిపిన టీకా కార్యక్రమము ఆరంభమై, ఆ సంవత్సరము ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జరిగెను. తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలందరికి బడులలోను, అంగన్‌వాడీలలోను సూదులు వేసిరి. అప్పటినుండి శిశువులకు తొమ్మిది నెలలు నిండినప్పుడొకసారియు, రెండవ యేట మరియొకసారియు ఇది వేయబడుచున్నది. ఆనాడు బడిలో సూది వేయించుకొన్న ఆడపిల్లలు ఇప్పుడు పెండ్లి యీడునకు వచ్చుచున్నారు. వారికి భయము తక్కువ. అప్పటికే పదునైదు నిండినవారి మాట వేరు. వారిలో కొందరికి చిన్ననాట రుబెల్లా వచ్చిపోయి రక్షణ కలిగియుండవచ్చును, కొందరికి లేకపోవచ్చును. రక్తపరీక్షచే తెలియును, పరీక్ష చేయింపకయే టీకా వేయించుకొన్నను దోషము లేదు. కాని గర్భము ధరించిన పిదప ఈ టీకా వేయరు, ఏలయనగా ఇందులో నున్నది బలము తగ్గించిన సజీవ వైరసు. వేయించుకొన్న పిదప కనీసము ఒక నెల గర్భము రాకుండ చూచుకొనవలెను. బాలింతరాలు బిడ్డకు పాలిచ్చుచునే వేయించుకొనవచ్చును. మన ఇండ్లలో పెండ్లి నిశ్చయమైన నాటినుండి చీరలకును నగలకును తిరుగుటకు నెలలు పట్టునుగదా. ఆ తిరుగుటలో ఒక పూట పిల్ల టీకా చీటీ ఎచ్చటనున్నదో వెదకి, లేనిచో వైద్యురాలికడకు తీసికొనిపోవుటకు తల్లికి తీరిక దొరకకపోదు.